వెండి రంగు ఇంజిను

"ఇంకా గట్టిగా నొక్కమ్మా. నా వేళ్లు ఆ సందులో దూరట్లేదు" అన్నాడు సీతారాం.

సుధ రెండు రంగుల ముద్దలు కలిపి పిసికిన, పగుళ్లు పూడ్చే సీలును పగులు మీద పెట్టి బొటనవేలితో నొక్కింది. బర్మామైన్స్ పేటలోని వాళ్ల ఇంటి ముందు, పాత టైరు మీద కూర్చోబెట్టిన అంబాసిడర్ ఇంజిను అది. వేడెక్కి, నీళ్లు తిరిగే చోట వేలెడు పొడవున పగిలింది.

సుధ వేలు తీసి చూసింది. చిన్నప్పటి కత్తిపీట గాటుతో సహా ముద్ర పడింది. చెరుపుదామంటే ముద్ద అప్పటికే బిగుసుకుంటోంది.

"ఉండనీ. మసి పూత్తే దేవుడికి కూడా కనపడదు."

"పతా చల్ గయా తో, నాన్నా?"

"తెలిత్తే మన కొంప మునుగుద్ది. అందుకే నోరు మూసుకో."

నది అవతల మాంగో పేటలో జగ్గారావుకు ఇంజిన్ల దుకాణం ఉంది. పాత ఇంజిను ఇచ్చి, పైన కొంత కడితే, లోపల సామానంతా మార్చి బిగించిన రెడీ ఇంజిను ఇస్తాడు. పగిలినదాన్ని మాత్రం ముట్టుకోడు. విశ్వకర్మ పూజ మర్నాటి నుంచి ఇంజనీరు ఉమామహేశ్వర్ గారి పిల్లల్ని బడికి దింపే పని సీతారాంకు కుదిరింది. ఆ ఉదయం కారు వాళ్ల గేటు ముందు లేకపోతే ఆ పని ఇంకొకరిది. సీతారాం మళ్లీ ఎవరిదో లారీ ఎక్కాలి. నెలకు ఇరవై రోజులు ఇంట్లో ఉండడు.

ఇదంతా సుధకు తెలుసు. అయినా ఉండబట్టలేకపోయింది.

"ఈ ఇంజిను రేపు ఎవరి బండిలోకి పోతుంది నాన్నా?"

"ఎవల బండిలోకి పోతే మనకేటి?"

"ఘాట్‌రోడ్డులో ఆగిపోతే? అందులో పిల్లలుంటే?"

"ఊరందరి కోసం నువ్వే ఏడు. టెంపో వచ్చింది, పద."

దుకాణంలో జగ్గారావు ఇంజిను చుట్టూ తిరిగాడు. పానాతో అక్కడా ఇక్కడా కొట్టి చెవి పెట్టి విన్నాడు. టార్చి వేసి చెయ్యి లోపలికి పోనిచ్చాడు. ఆ చెయ్యి ఒకచోట ఆగింది. అతను చెయ్యి బయటికి తీసి గుడ్డకు తుడుచుకున్నాడు.

"నీ మాట మీద తీసుకుంటన్నానన్నా. పగులేటీ లేదు కదా?"

"నా పిల్ల మీద ఒట్టు. లేదు."

జగ్గారావు సుధ వైపు తిరిగాడు. "నువ్వు సెప్పు పాపా. లేదు కదా?"

సుధ తల అడ్డంగా ఊపింది. అబద్ధం చెప్పడానికి నోరు కూడా అక్కర్లేదని ఆమెకు అప్పుడే తెలిసింది.

"అయితే సరే. కలకత్తా మాలు దిగాలి. గురువారం రండి."

ఆ నాలుగు రోజులూ సుధ కుదురుగా కూర్చోలేదు. వీధిలో అంబాసిడర్ వెళ్తే గుమ్మంలోకి పరుగెత్తేది. బడి నుంచి వస్తుంటే రోడ్డు పక్కన ఓ కారు మూత ఎత్తి ఉంది. లోంచి ఆవిరి చిమ్ముతోంది. డ్రైవరు బకెట్టుతో నీళ్లు పోస్తున్నాడు. సుధ అతని మొహం చూడలేక తల వంచుకుని గబగబా నడిచింది.

గురువారం జగ్గారావు గోనె సంచి లాగాడు. లోపల ఇంజిను వెండి గిన్నెలా మెరుస్తోంది.

"ఓపాలి విప్పి సూపించవేటి?" అన్నాడు సీతారాం.

"విప్పితే బిగింపు మళ్లీ మొదటికొత్తది. మాటే గ్యారంటీ అన్నా. నీ మాట నాను నమ్మలేదేటి?"

సీతారాం గోనె సంచి తీసుకుని మడవసాగాడు.

"ఇంకోటి సూడు. దీని మీద నీ పాత నంబరే కొట్టించాను. ఏ పోలీసోడు ఆపినా నీకు తంటా ఉండదు."

సీతారాం జేబులోంచి బండి పుస్తకం తీసి ఒక్కో అంకే సరిచూసుకున్నాడు. అన్నీ కలిశాయి. "పనంటే ఇదే!" అని మురిసిపోయాడు.

అతను టెంపో కోసం బయటికి వెళ్లగానే సుధ ధైర్యం కూడగట్టుకుంది.

"మా పాత ఇంజిను ఎవరికిచ్చారు బాబాయ్?"

జగ్గారావు ఆమెను ఒక క్షణం చూసి నవ్వాడు.

"భయమెందుకు పాపా? మీలాటి మంచోళ్లకే ఇచ్చాను."

ఆ మాట సుధను ఇంకా పొడిచింది. మంచివాళ్లట.

విశ్వకర్మ పూజనాడు ఊళ్లో ప్రతి యంత్రానికీ పూలదండే. సీతారాం కారు మూత ఎత్తి, ఈల వేస్తూ హారతి గిన్నె వెతుకుతున్నాడు. ముందురోజు ఇంజిను బిగించి వీధి చివరిదాకా నడిపి చూశాడు. గుర్రంలా పరిగెత్తింది. రేపు పొద్దున్నే పిల్లల్ని ఎక్కించుకోవాలి.

అమ్మణ్ణి కూతురి చేతిలో కుంకుమ పళ్లెం పెట్టింది. "తుడిసి బొట్టెట్టవే. మీ నాన్న చేతులు ఆ మూలలకి అందవు."

సుధ పళ్లెం పక్కన పెట్టి కళ్లు మూసుకుంది. 'ఆ ఇంజిను ఎవరి బండిలో ఉందో నాకు తెలీదు స్వామీ. ఆ బండిలో ఎక్కేవాళ్లకి ఏమీ కాకుండా చూడు.'

కిరసనాయిలు గుడ్డ తీసుకుని పైనుంచి తుడుచుకుంటూ వచ్చింది. నాన్న వేళ్లు దూరని సందులోకి చెయ్యి పెట్టింది. వెండి రంగు చెక్కులుగా ఊడి గుడ్డకు అంటింది. కొత్త రంగు ఇంత తేలిగ్గా ఊడుతుందా అనుకుంటూ వంగి, ఇంకాస్త రుద్దింది.

కింద, కత్తిపీట గాటుతో సహా, ఆమె బొటనవేలి ముద్ర ఉంది.