వెనక బెంచీ ఆవిడ

“నాకొద్దమ్మా!” అంది కూతురు, నోట్లో బ్రష్షు తియ్యకుండానే.

నర్సమ్మ చేతిలో ఇస్త్రీపెట్టె ఆగిపోయింది.

ఆదివారం గుడికి పీఠాధిపతి బిషప్పుగారు వస్తున్నారు. పిల్లలకు నుదుట పవిత్ర తైలం పూసి భద్రమైన అభ్యంగనం ఇస్తారు. పసితనంలో జ్ఞానస్నానం నాడు పెద్దలు తమ తరఫున ఒప్పుకున్న విశ్వాసాన్ని, ఎదిగిన పిల్లలు తమ నోటితో తామే ఒప్పుకునే రోజు అది. జీవితంలో ఒక్కసారే వస్తుంది. తెల్లగౌను కుట్టించడం కూడా అయిపోయింది.

“ఏం వద్దు? గౌనా?”

“కోకిలమ్మగారు వద్దు.”

కోకిలమ్మంటే గుడి పాటల బృందానికి పెద్ద. ఆ రోజు పిల్ల వెనక నిలబడి, భుజం మీద చెయ్యి వేసి, విశ్వాసంలో దారి చూపే జ్ఞానతల్లిగా ఉంటానని మాటిచ్చింది. అడగ్గానే ఒప్పుకుందని నర్సమ్మ ఆసుపత్రిలో తను పనిచేసే వార్డంతా చెప్పుకుని మురిసింది కూడా.

“ఆవిడకేమే? ఎంత భక్తి!”

“పైన పటారం, లోన లొటారం. పాట అవ్వగానే పక్కావిడ మీద చాడీలు. ఆవిడ చెయ్యి నా భుజం మీద పడితే నాకు నవ్వొస్తుందమ్మా. విశ్వసిస్తున్నానని ఎలా చెప్పను?”

“అయితే నీకోసం పునీతులు దిగిరావాలా?”

“అక్కర్లేదు. చెప్పింది చేసేవాళ్లు ఒక్కరు చాలు. ఆ ఒక్కరూ లేకపోతే ఇదంతా ఎందుకు?”

ఆ చివరి మాట నర్సమ్మకు ముల్లులా గుచ్చుకుంది. పిల్ల గౌనునే కాదు, గుడినే వదిలేసేలా ఉంది. ఆ పూటంతా ఆసుపత్రిలో కాలుగాలిన పిల్లిలా తిరిగింది. ఒకరి మాత్ర ఇంకొకరికి ఇవ్వబోయి నాలుక్కరుచుకుంది.

మధ్యాహ్నం క్యారేజీ తెచ్చిన కూతురు వార్డులో మూల మంచం వైపు చూస్తూ నిలబడిపోయింది.

ఆ మంచం మీద పక్షవాతం మనిషి. ఒళ్లు ఒక పక్క పడిపోయినా నోరు మాత్రం పడిపోలేదు. పెట్టిన ముద్ద ఉమ్మేస్తాడు, పెట్టినవాళ్లను బూతులు తిడతాడు. ఒక నడివయసావిడ రోజూ వచ్చి అతనికి తినిపించి, ఒళ్లు తుడిచి, పక్క మార్చి వెళ్తుంది.

“అమ్మా, ఆవిణ్ని అడుగుదాం. జ్ఞానతల్లిగా.”

“గుడిలో వెనక బెంచీ ఆవిడనా!” నర్సమ్మ గొంతు తగ్గించింది. “మొగుడికి చాకిరీ చేస్తే పునీతురాలైపోతుందా? కట్టుకున్నాక తప్పుతుందా? అదీ మనసారా చెయ్యదు. నిన్న వరండాలో కిటికీ ఊచలు పట్టుకుని పళ్లు కొరుకుతోంది.”

“మళ్లీ లోపలికొచ్చిందిగా?”

“వస్తే? గుడిలో ఆవిడ పక్కన నించున్నాను నేను. పరలోకజపం సగమే చెబుతుంది. మాకు కీడు చేసినవాళ్లను మేము మన్నించినట్టే మమ్మల్ని మన్నించమంటాం చూడు, అక్కడికొచ్చేసరికి నోరు మూసేస్తుంది. పసిపిల్లలకొచ్చే జపం రాదు, జ్ఞానతల్లట! నలుగురూ నవ్విపోతారు.”

కూతురు వింటేగా! అప్పటికే మూల మంచం దగ్గరుంది.

ఆవిడ చెంచా పక్కన పెట్టి, పిల్ల చెప్పిందంతా విని, తల అడ్డంగా ఊపింది.

“నేనా? వద్దు తల్లీ. నాకింకా చేతకాలేదు.”

“ఏం చేతకాలేదు?”

జవాబు వచ్చేలోపే నర్సమ్మ వచ్చి నోరు పారేసుకుంది. “మా పిల్లకి మేం చూసుకున్నాంలెండి. ముందు మీరు జపం పూర్తిగా నేర్చుకోండి!”

ఆవిడ ముఖం ఎర్రబడింది. “అదే నేర్చుకుంటున్నానమ్మా,” అని మళ్లీ చెంచా అందుకుంది.

శనివారం సాయంత్రం ఆ మనిషి పోయాడు.

నర్సమ్మ తెర లాగడానికి వెళ్లేసరికి ఆవిడ అతని కళ్లు మూసి, మంచం పక్కన మోకరించి పరలోకజపం చెబుతోంది. ఆ మన్నింపు మాట దగ్గర తడబడి ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది. ఆ మాటా పలికి, చివరిదాకా చెప్పి, వెక్కి వెక్కి ఏడ్చింది.

‘వచ్చన్నమాట! మరి గుడిలో ఆ మూగనోమెందుకో’ అనుకుంది నర్సమ్మ.

“ఈయన తమ్ముడు బయల్దేరాడమ్మా, తీసుకెళ్తాడు. నేను మా ఊరెళ్లిపోతున్నాను. పాపను దేవుడు చల్లగా చూడాలి,” అంది ఆవిడ లేస్తూ.

మొగుణ్ని మట్టిలో పెట్టకముందే ఊరెళ్లే పెళ్లాన్ని నర్సమ్మ ఎక్కడా చూడలేదు. అయినా ఎందుకో వెనక్కి పిలవాలనిపించింది. పిలవకుండానే తెర లాగేసింది.

ఆదివారం కూతురు గౌను వేసుకుంది. తల్లి కాళ్లావేళ్లా పడితే కాదనలేకపోయింది. కోకిలమ్మ చెయ్యి భుజం మీద పడింది. “విశ్వసిస్తున్నాను” అన్న మాట పిల్ల పెదవి దాటలేదు. అందరి గొంతుల్లో అది ఎవరికీ తెలియలేదు, తల్లికి తప్ప. పూజ జరుగుతున్నంతసేపూ నర్సమ్మ మనసు మనసులో లేదు.

సోమవారం, పోయినతని తమ్ముడు ఏవో కాగితాల కోసం వార్డుకు వచ్చాడు. కూతురు అప్పుడే క్యారేజీ బల్ల మీద పెడుతోంది.

“మీ వదినగారు అంత తొందరగా వెళ్లిపోయారేమండీ?” అంది నర్సమ్మ.

“వదినా? మా అన్నకసలు పెళ్లే కాలేదు.”

“మరి రోజూ వచ్చి అంత చాకిరీ చేసినావిడ?”

అతను చేతిలో కాగితాలు బల్ల మీద పెట్టాడు.

“నేను దూరాన ఉంటానండీ. అన్న ఎలా ఉన్నాడో ఆవిడే ఫోన్ చేసి చెప్పేది. మీకెందుకమ్మా ఈ బాధంతా అంటే, ఇది నాకే అవసరం అనేది.”

“ఇంతకీ ఆవిడ మీకేమవుతుంది?” అడిగింది కూతురు.

“ఏమీ కాదు తల్లీ. ఆవిడ ఒక్కగానొక్క కొడుకుని, తాగి బండి నడిపి, చంపింది మా అన్నే.”