పక్కన పెట్టిన వార్త

“సార్, అది ఎక్కింది!” అని వెబ్‌సైట్ చూసే నవనీత అరిచేసరికి ఎడిటర్ పేరయ్య ఇంకా టీ ఊదుకుంటున్నాడు.

“ఏది?”

“యూనివర్సిటీల ఇయ్యాల్టి పరీక్ష వాయిదా అని. మీ ఐడీ నుంచే, తొమ్మిదింబావుకి.”

పేరయ్య కప్పు దించేశాడు. వాయిదా పడొచ్చని ఎవరో అంటే, ఖరారయ్యాక వేద్దామని ఆ వార్త రాసి పక్కన పెట్టాడు. ముప్పై ఏళ్లుగా చేస్తున్న పనే. పేపర్లో పక్కన పెట్టింది బుద్ధిగా పక్కనే ఉండేది. ఈ మాయదారి తెర మీద, దాచే బటన్ అనుకుని లోకం మీదికి వదిలే బటన్ నొక్కాడు.

“తీసెయ్యమ్మా!”

“తీసేసిన. కానీ ఇరవై నిమిషాలు ఉన్నది సార్. పదింటికి పరీక్ష. అది చూసి ఎవరన్న ఆగిపోతే వాళ్ల ఇయర్ గోవిందా.”

మూడు నెలల్లో ఈ డిజిటల్ పని నేర్చుకోకపోతే ఇంటికే అని యాజమాన్యం చెప్పి రెండు నెలలైంది. యూనివర్సిటీలో ఫోన్ ఎవరూ ఎత్తలేదు. పేరయ్య ఆటో ఎక్కాడు.

తార్నాక చౌరస్తాలో ఆటో ఇరుక్కుపోయింది. ఫోన్ మోగింది. ‘ఇల్లు’. కట్ చేశాడు. మళ్లీ ‘ఇల్లు’. కొత్తిమీర కంటే పెద్ద వార్త ఆ నంబరు నుంచి ఏనాడూ రాలేదు. పొద్దున కూడా భార్య అరుంధతి ఏదో చెప్పబోతే “సాయంత్రం చూద్దాం” అనేశాడు. మళ్లీ కట్ చేశాడు.

“ఏంది సార్, గట్ల చెమటలు పడుతున్నయ్? పరీక్ష మీకా?” అన్నాడు ఆటో సామేలు.

“అందరిదీ నాకే. పోనీవయ్యా!”

పరీక్ష హాలు మెట్లు ఎక్కేసరికి పది ఇరవై ఐదు. గుమ్మంలో సూపర్‌వైజర్ రాజలింగు.

“వాయిదా అని చూసి ఎంతమంది రాలేదండీ?”

“ఏం వాయిదా?”

“మా పేపరు వెబ్‌సైట్లో…”

“మీకు వెబ్‌సైట్ ఉన్నదా సార్?” రాజలింగు నిజంగానే ఆశ్చర్యపోయాడు. “మా వాట్సాప్‌ల అయితే రాలే. అరవై మందిల యాభై తొమ్మిది మంది వచ్చిన్రు.”

పేరయ్యకు ఊపిరి వచ్చింది. సగమే.

“ఆ ఒక్కరు?”

“ఎవరో మేడం. దూరవిద్యల ఎం.ఏ. ఈ ఒక్క పేపరే మిగిలిందట, ఇదే ఆఖరి ఛాన్స్. ఇందాక నేను ఫోన్ చేస్తే, వాయిదా అన్నరు కద, పేపరోళ్లు అబద్ధం రాస్తరా అని నన్నే అడిగింది! ఇగ ఆటో దొరికి ఎప్పుడొస్తది?”

కింద గేటు మూసిన చప్పుడు. పదిన్నర. ఆలస్యంగా వచ్చేవాళ్లకు గడువు అంతే.

అంత భయంలోనూ పేరయ్యకు, సిగ్గు లేకుండా, రవ్వంత గర్వం కలిగింది. నమ్మి చదివే మనిషి ఒకరున్నారు. ఆమె సంవత్సరాన్ని తనే మింగేశాడు.

“అడ్రస్ ఇవ్వండి. కాళ్లు పట్టుకుంటాను.”

రాజలింగు, అభ్యర్థుల ఫొటోలున్న హాజరు పట్టిక తిప్పి, సంతకం లేని గడి మీద వేలు పెట్టాడు.

ఆ ఫొటోలో ఉన్నది అరుంధతి.