శేషం లేకుండా

రేపు పొద్దున్నే ఆవిష్కరణ. గణితశాఖ గోడకి నల్లరాతి ఫలకం బిగించేశారు. మాస్టారు పోయి ఏడాదైంది. ఫలకం మీద ఆయన బొమ్మ లేదు, ఆయన కనిపెట్టిన ప్రధాన సంఖ్య ఉంది. రాయి ఈ కొస నుంచి ఆ కొస దాకా అంకెలే. ఒకటీ, తనూ తప్ప మరే సంఖ్యా దాన్ని శేషం లేకుండా భాగించలేదు. "ఇందులో ఎవరికీ వాటా లేదోయ్" అని మాస్టారు మురిసిపోయేవారు.

ఆయన శిష్యుడు, ఇప్పుడు అక్కడే లెక్చరరు, ఫలకం ముందు నిలబడి రేపటి ఉపన్యాసం వల్లె వేసుకుంటున్నాడు.

"ఐదేళ్ల కూతురు జ్వరంతో కన్నుమూసిన రోజు కూడా మాస్టారు లెక్క వదిలి గది బయటికి రాలేదు. అదీ ఏకాగ్రత."

ఇక్కడ చప్పట్లు పడతాయని అతనికి గట్టి నమ్మకం. వాటి కోసం కాసేపు ఆగాడు కూడా. ఆగినవాడు ఊరుకోక, రాతి మీది అంకెలన్నీ కూడాడు. లెక్కల వాళ్లకి అదో జబ్బు.

కూడి, గతుక్కుమన్నాడు. మొత్తాన్ని మూడుతో భాగిస్తే నిక్షేపంగా పోతోంది. అంకెల మొత్తం పోతే సంఖ్యా పోతుంది. బడిపిల్లలకి కూడా తెలిసిన సంగతి. రేపు వచ్చే పెద్దలంతా మొహం మీదే నవ్వుతారు.

చెక్కిన మేస్త్రీ ఇంకా అక్కడే ఉన్నాడు. అతని మీద అంతెత్తున లేచాడు.

"అమ్మగారు పక్కన నిలబడి ఒక్కో అంకే చెబుతుంటే చెక్కానండీ" అన్నాడు మేస్త్రీ, మాస్టారి భార్యని ఉద్దేశించి.

"ఆవిడ తప్పు చెబుతారా? మాస్టారి వ్యాసాలన్నీ టైపు చేసింది ఆవిడే. ఒక్క చుక్క కూడా పొరపాటు పోనివ్వలేదు. నీ చెవులే పనిచెయ్యడం లేదు. ఇక ఈ ఛాయలకి రాకు."

మేస్త్రీ ఉలులు సర్దుకుని వెళ్లిపోయాడు.

శిష్యుడు మాస్టారి ఇంటికి పరిగెత్తాడు. అమ్మగారు భోజనాల బల్ల తుడుస్తున్నారు. బల్ల చుట్టూ రెండు పెద్ద కుర్చీలు, ఒక చిన్నపిల్లల కుర్చీ.

"ఘోరం జరిగిందమ్మా. మేస్త్రీ ఒక అంకె తప్పు చెక్కాడు. మాస్టారి జీవితమంతా బూడిదలో పోసినట్టయింది."

ఆవిడ తుడవడం ఆపలేదు. "దేంతో పోతోంది?"

"మూడుతో."

"శేషం ఏమీ మిగలడం లేదుగా? సరిగ్గా చూశావా?"

"చూశానమ్మా. తెల్లారేలోగా వేరే రాయి పెట్టిస్తాను. ఆ మేస్త్రీని ఇప్పుడే తరిమేసి వచ్చాను."

ఆవిడ గుడ్డ పక్కన పెట్టారు. చిన్న కుర్చీని బల్ల దగ్గరికి జరిపారు.

"అతన్ని వెనక్కి పిలువు బాబూ, అతను సరిగ్గానే విన్నాడు, ఈ ఇంట్లో మేం ముగ్గురం ఉండేవాళ్లమని ఆయన సంఖ్యకైనా తెలియాలని ఆ ఒక్క అంకె నేనే మార్చి చెప్పాను."