కార్డు తిన్న మేక

ఫోన్ మోగితే ఉద్యోగం, మోగకపోతే ఇంటికి. స్వర్ణ పరిస్థితి అంతే.

అరకులో ఆ ఇంటర్నెట్ ఆఫీసు ఎంతని? రెండు కుర్చీలు, ఒక ఫోన్. ఫిర్యాదులు వినే కుర్చీ కోసం స్వర్ణకి ఆ రోజు పరీక్ష.

“నెట్ రావట్లేదంటే ఎవరైనా చూస్తారమ్మాయ్. బయట తెచ్చుకున్న రౌటర్‌కీ మన లైనుకీ పొంతన కుదరక మొరాయిస్తుంది చూడు, అలాంటిదొక్కటి మధ్యాహ్నంలోగా ఫోన్లోనే బాగుచెయ్యి. కుర్చీ నీదే,” అన్నాడు జగదీష్ సారు. చెయ్యలేకపోతే రేపు విజయనగరం నుంచి ఇంకో అమ్మాయి వస్తుంది.

పది రోజులుగా పొయ్యి దగ్గర కూర్చుని స్వర్ణ ఆ పాఠమే గట్టిగా వల్లె వేసింది. ఇంట్లో కోళ్ళకి కూడా కంఠతా వచ్చేసి ఉంటుంది. మందు సిద్ధంగా ఉంది, రోగే లేడు. పొద్దున్నుంచి వచ్చినవి రెండే ఫోన్లు. ఒకాయన కాఫీ గింజల ధర అడిగాడు. ఇంకొకాయన రాంగ్ నంబరని తెలిశాక కూడా చాలాసేపు కబుర్లు చెప్పాడు.

పదకొండున్నరకి మళ్ళీ మోగింది. జగదీష్ సారు స్పీకర్ నొక్కాడు.

“అలో! నాను సోములమ్మని. మా అల్లుడు విశాపట్నం నుంచి తెచ్చిన రౌటరు మీ లైనుతోటి కలవనంతంది!”

ఆ గొంతు వినగానే స్వర్ణ కుర్చీలోంచి సగం లేచి, మళ్ళీ కూర్చుంది.

“కార్డు మీద కస్టమర్ నంబరు చెప్పండమ్మా.”

“కార్డా? మేక తినీసింది.”

జగదీష్ సారు పకాలున నవ్వి, కానివ్వమని చెయ్యి ఊపాడు.

“ఏ లైటు వెలుగుతోందమ్మా?”

“ఎర్రది. పండుమిరక్కాయ లాగున్నాది.”

“మా లైను తీగ ఏ రంగు కన్నంలో పెట్టారు?”

“పసుపుదాన్లో.”

“తీసి నీలందాన్లో పెట్టండి. రౌటర్లో పాత కంపెనీ సెట్టింగులు ఉండిపోయాయమ్మా. అవి చెరిపేస్తే మన లైనుకి ఒప్పుకుంటుంది. ఇప్పుడు...”

“సిన్న కన్నంలో పిన్నీసెట్టి పది లెక్కెట్టాల, కదేటి?”

జగదీష్ సారు కనుబొమలు ఎగరేశాడు. “పెద్దామె గట్టిదే!”

స్వర్ణకి పొలమారింది.

సోములమ్మ పదీ లెక్కపెట్టింది. మధ్యలో ఏడు రెండుసార్లు వచ్చింది, ఎనిమిది అసలు రాలేదు.

“ఇప్పుడు లైటు చూడండమ్మా.”

“ఆగు గుంటా... ఆరిపోనాది... ఎలుగుతంది... ఆరతంది... ఓలమ్మో! పచ్చగయిపోనాది! వరిసేను లాగున్నాది! నెట్టొచ్చీసింది! సారూ, ఇంటన్నారా? ఈ గుంట బంగారం. ఒగ్గీకండి!”

జగదీష్ సారు బల్ల మీద గట్టిగా చరిచాడు. “ఇంకెవరూ రానక్కర్లేదు. కుర్చీ నీదే!”

స్వర్ణ చున్నీ నోట్లో కుక్కుకుంది. సంతోషం పట్టలేక నవ్వూ ఏడుపూ ఒకేసారి తన్నుకొచ్చాయి.

సాయంత్రం, నెట్ తీగ ఇంకా గెడ్డ నీళ్ళు దాటి రాని తమ ఊరికి ఒక్క పరుగున చేరిన స్వర్ణ, వాకిట్లో చోళ్ళు చెరుగుతున్న సోములమ్మను వెనక నుంచి వాటేసుకుని, “అమ్మమ్మా, మనకి మేకెక్కడిదే?” అని అడిగింది.