గాలి అక్కర్లేని పెట్టె

కొత్త కీబోర్డుకి గాలి కొట్టనక్కర్లేదని తెలిసినా, మీట నొక్కేముందు కూర్మయ్య ప్రతిసారీ ఒక్క క్షణం ఆగుతున్నాడు. ముప్పై ఏళ్ల అలవాటు మరి. భోగాపురం పక్కన వాళ్ల పల్లె భజనలో హార్మోనియం ఒకటే, దాని ముందు కూర్చునేది అన్నదమ్ములిద్దరు. "నువ్వు మెట్లు నొక్కరా, గాలి నాను కొడతాను" అనేవాడు అన్న పోలయ్య. మొదట్లోనే గట్టిగా కొట్టేసేవాడు, 'స' కాస్త అదిరేది. హుద్‌హుద్ తుఫాను తర్వాతి ఏడు సముద్రం మీదికి వేటకెళ్లిన పోలయ్య తిరిగి రాలేదు. హార్మోనియం మీద గుడ్డ కప్పి మందిరంలోనే మూలన పెట్టేశారు.

ఆ రాత్రి అందరూ వెళ్లాక కూర్మయ్య భజన మందిరంలో ఒక్కడే సాధన చేస్తున్నాడు. ఆగిన ఆ క్షణంలో, వెనక మూలన హార్మోనియం తిత్తి కదిలిన చప్పుడైంది. సముద్రం హోరు కాబోలనుకున్నాడు.

వీధిలోంచి భార్య బుల్లమ్మ కేకేసింది. "బువ్వ సల్లారిపోతన్నాది. కొత్తదీ పాతదీ ఒక్కపాలే వాయిస్తన్నావేటి?"

కూర్మయ్య ప్లగ్గు పీకేశాడు. కీబోర్డు మీది ఎర్రలైటు ఆరింది. తిత్తి మాత్రం ఆగలేదు. అతని కోసమే కాచుకున్నట్టు నిదానంగా ఆడుతోంది.

వెనక్కి తిరగకుండానే, కరెంటు లేని మీట నొక్కాడు.

మూల నుంచి 'స' పలికింది, కాస్త అదురుతూ.