పళ్ళచక్రం

పొద్దున్నే బ్యాంకువాళ్ళు వచ్చి సీలు వేస్తారనగా, యజమాని తన షెడ్డులో తానే దొంగతనం చేశాడు.

మేకుల మిషన్ వెనక మూత విప్పి, అరచేతిలో ఇమిడే పళ్ళచక్రం ఒకటి ఊడదీసుకొచ్చాడు. అది లేకపోతే మిషన్ ఒట్టి ఇనుప ముద్ద. దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. బజారంతా గాలించినా అలాంటిది దొరకదు.

"నడవని మిషన్ని వేలంలో ఎవడు పాడతాడు? చవగ్గా మనకే వస్తుంది," అన్నాడు.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా!" భార్య చాలా రోజులకి నవ్వింది.

బాకీపడ్డవాడు తన ఆస్తిని తానే పాడుకోకూడదట. అందుకని బామ్మర్దిని ముందు పెట్టారు. అక్క నగలమ్మి డబ్బు తమ్ముడి చేతిలో పోసింది. కాగితం రాయించుకుందామని భర్త నసిగితే ఒంటికాలి మీద లేచింది.

"నేను ఎత్తుకుని పెంచినవాడండీ వాడు!"

బామ్మర్ది చక్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "తుప్పు పడుతుంది బావా. నూనెలో నానేసి రేపు ఇస్తా."

అన్నట్టే మర్నాడు తళతళలాడించి తెచ్చాడు. సొంత తమ్ముడైనా ఇంత చేస్తాడా అని బావ పొంగిపోయాడు.

వేలం రోజు బామ్మర్ది ఇనుప భాగాలు చెక్కే తన లేతు షాపు మూసేసి మరీ వచ్చాడు. పాత ఇనుము వ్యాపారి స్విచ్చి నొక్కాడు. మోటారు గుర్రుమంది, మిషన్ కదల్లేదు.

"దీన్ని కాటాకేసినా కూలి గిట్టదు," అని జారుకున్నాడు. మిగతావాళ్ళూ అతని వెనకే వెళ్ళారు.

యజమాని ఓ మూల ఏడుపు మొహం పెట్టుకుని నిలబడ్డాడు. లోపల మాత్రం గంతులేస్తున్నాడు. బామ్మర్ది నీరసంగా చేయెత్తాడు. పోటీ లేదు. మిషనూ షెడ్డూ కారుచౌకగా అతని పేరున పడ్డాయి.

"కొన్నాళ్ళు అటు రాకు బావా, బ్యాంకువాళ్ళకి అనుమానం వస్తుంది. నేనే కబురు చేస్తాగా."

కబురు రాలేదు. ఫోను ఎత్తడం లేదు. "పనిలో ఉన్నాడేమోనండీ," అంది భార్య, మొహం చూపించకుండా.

చివరికి యజమానే బయల్దేరాడు. చక్రం బిగిస్తే మధ్యాహ్నానికల్లా మేకులు రాలతాయని తనకు తానే ధైర్యం చెప్పుకున్నాడు.

వీధి మలుపు తిరగ్గానే షెడ్డులోంచి టకటకమని మేకులు రాలుతున్న చప్పుడు వినిపించింది, పళ్ళచక్రం మాత్రం ఇంకా అతని జేబులోనే ఉంది.