తీసేయడానికి కారణం

నలభై రెండో కంప్యూటర్ దగ్గర కూడా సారు నా నెత్తిమీదే నిలబడ్డారు. పరాయి దేశపు యాంటీవైరస్ మా ఆఫీసు గుట్టంతా లాగేస్తోందని ఆయన అనుమానం. పొద్దుట్నుంచీ నా పని దాన్ని పీకేయడమే.

"మూడేళ్లుగా చూస్తున్నా సార్. ఒక్క ఫైలూ బయటికి పోలేదు."

"పోతే నీకు చెప్పి పోతుందామ్మా?"

తీసెయ్ అని నొక్కాను. ఎప్పట్లాగే తెరమీద యాంటీవైరస్ కంపెనీవాళ్ల గడి ఒకటి తెరుచుకుంది: 'ఎందుకు తీసేస్తున్నారు?' నలభై ఒక్కసార్లు దాన్ని ఖాళీగానే వదిలేశాను.

"ఊరికే వదిలేస్తామా? నాలుగు దులిపేయాలి. లే!"

నా కుర్చీలో కూర్చుని, రెండు వేళ్లతో కొడుతూ, పైకి చదువుతున్నారు.

"మాది ఆనకట్ట ఆఫీసు. పదహారు గేట్లూ ఈ కంప్యూటర్ నుంచే తెరుస్తాం. మీకు తెలియకుండా ఉండాలనే మిమ్మల్ని తీసేస్తున్నాం. కొత్తది వచ్చే నెల వేసుకుంటాం. అప్పటిదాకా ఏదీ లేకపోయినా సరే, మీరు మాత్రం మాకొద్దు!"

"అయ్యో, పంపకండి సార్!"

నొక్కేశారు.

జవాబు వెంటనే వచ్చింది: 'ధన్యవాదాలు. మీరిచ్చిన సమాచారం మాకెంతో విలువైనది.'

"చూశావా," అన్నారు సారు కుర్చీలో వెనక్కి వాలి, "గట్టిగా అడిగితే ఎలా దారికొచ్చారో!"